గొంతు వెనక ఫ్యాను

పోయిన వారం మనం అత్తాకోడళ్లిద్దరినీ ఫోను స్పీకరు ముందు నోళ్లు తెరుచుకున్న చోటే వదిలేసి వచ్చాం. ఆడవాళ్లను వారం పాటు అలా నిలబెట్టడం పాపమే గాని ఏం చేస్తాం, పత్రిక వారానికొక్కసారే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

అత్తగారు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ ఆవిడ మైకమ్మే. ఇప్పుడు చూపు లేనివాళ్ల కోసం పెట్టిన వినే పుస్తకాల లైబ్రరీకి వారానికో అధ్యాయం చదివి పంపుతుంది. వీధి గోల పడకూడదని తలుపులూ కిటికీలూ బిగించుకుని ఫోనులో రికార్డు చేస్తుంది. ఆ ఉక్కలో ఫ్యాను లేకపోతే మనిషి నిలవదు కనుక ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చదివినదాన్ని లైబ్రరీకి చేర్చే పని కోడలిది. కొంతకాలంగా అత్తగారి గొంతు తగ్గిపోతోంది. ఆ మాట మొహం మీద చెప్పే ధైర్యం లేక కోడలు ఇంటర్నెట్‌లో సౌండు పెంచే సైటొకదాన్ని అడ్డం పెట్టుకుని, ప్రతి రికార్డింగునూ గుట్టుగా పెంచి పంపుతోంది. అంతా సాఫీగా సాగిపోతుండగా, ఆ పుస్తకాలు వినే ఒకావిడ ఫోను చేసింది. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు, పుట్టుకతోనే చూపు లేని మనిషి. "అమ్మా, మీ గొంతు ఎప్పట్లాగే ఉంది గానీ మీ గదిలో ఫ్యాను చప్పుడు వారం వారం ఎందుకు పెరుగుతోంది?" అని అడిగింది. మనం ఆగింది అక్కడ.

"ఫ్యానా?" అంది అత్తగారు తలెత్తి దానివంక చూస్తూ. "మా ఫ్యానుకి ఒకటే స్పీడమ్మా. రెగ్యులేటరు ఎప్పుడో బిగుసుకుపోయింది. పెంచుదామన్నా పెరగదు."

"నాకూ అదే విడ్డూరంగా ఉంది," అంది ఆపరేటరమ్మ. "తిరుగుడు మారలేదు. ఆ టక్ టక్ ఎప్పట్లాగే పడుతోంది. చప్పుడే పెద్దదైంది. ఫోను ఫ్యాను కిందికి జరిపారేమో అనుకున్నా. అలా జరిపితే మీ గొంతు కూడా మారాలి కదా, అది మారలేదు. నాకో అనుమానం వచ్చింది. చెప్పమంటారా?"

కోడలికి ఆ క్షణాన ఫోను చార్జింగు అయిపోతే బాగుండుననిపించింది. దొంగకు తేలు కుట్టినట్టు కదలకుండా నిలబడింది.

"చెప్పండి, దాందేముంది," అంది అత్తగారు.

"చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు. ఎవరో సౌండు పెంచి పంపుతున్నారమ్మా. పెంచితే గొంతొక్కటే పెరగదు, వెనకున్నదంతా పెరుగుతుంది. మా బోర్డు మీదా అంతే. దూరం నుంచి మాట్లాడేవాళ్లు వినబడట్లేదని వాల్యూము పెంచితే వాళ్లింట్లో గిన్నెల చప్పుడు కూడా చెవిలో పడుతుంది. గొంతు మారకుండా ఫ్యాను పెరిగిందంటే..." ఆవిడ మాట కాస్త తడబడింది. "అసలు గొంతు తగ్గుతోందేమో అనిపించింది. ఏమనుకోకండి. మీ గొంతంటే నాకు ప్రాణం, అందుకే అడిగాను."

"ఏమనుకోనమ్మా. మళ్లీ మాట్లాడతాను," అని అత్తగారు ఫోను పెట్టేసింది.

గదిలో ఫ్యాను టక్ టక్ మంటోంది. ఇన్నేళ్లుగా ఇద్దరూ దాన్ని విననే లేదు. ఇప్పుడు అదొక్కటే వినబడుతోంది. అత్తగారు కోడలి వైపు తిరిగి, "ఏం చేశావే?" అంది.

అరిచి ఉంటే బాగుండేది. అరుపైతే కోడలికి అలవాటే. మైకమ్మ తన కొడుకును భోజనానికి పిలిస్తే పక్కవీధి పిల్లలు కూడా ఇళ్లకు పరుగెత్తేవారని చెప్పుకుంటారు. పెళ్లైన కొత్తలో ఆ గొంతు వంటింట్లోంచి వినబడితే కోడలి చేతిలో గ్లాసు జారిపోయేది. ఈ గొంతు కాస్త తగ్గితే చాలు, ఇంకేం అడగను అని దేవుడికి ఎన్నిసార్లు దండం పెట్టుకుందో ఆమెకే తెలియదు. అలాంటిది కొన్ని నెలలుగా కంప్యూటరు ముందు కూర్చుని అదే గొంతును చేతులారా పెంచుతోంది. దేవుడికి కూడా కోడళ్లంటే ఎగతాళేనని ఆమె ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా.

"తప్పైపోయింది అత్తయ్యా," అంది.

"తప్పో ఒప్పో తర్వాత చూద్దాం. చేసిందేంటో చూపించు."

కోడలు కంప్యూటరు తెరిచింది. ఆ సైటు చాలా సాదాసీదాగా ఉంటుంది. మధ్యలో ఒక పెట్టె, రికార్డింగును తెచ్చి అందులో వదలాలి. వదలగానే గొంతంతా ఒక బొమ్మగా మారి పొడుగ్గా పరుచుకుంటుంది. కింద ఒక గీత, దాని మీద జరిపే బొత్తాం. నూరు దగ్గర ఉంటే ఎలా ఉన్నది అలాగే. కుడికి జరిపితే పెరుగుతుంది, ఎడమకు జరిపితే తగ్గుతుంది. అత్తగారు పొద్దున చదివిన అధ్యాయం ఇంకా పెంచకుండా ఫోనులో ఉంది. కోడలు దాన్నే తెచ్చి పెట్టెలో వదిలింది.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది. "ఏంటే ఇది, చీమలబారులా?"

"మీ గొంతే అత్తయ్యా. గట్టిగా చదివినచోట ఎత్తుగా, నెమ్మదిగా చదివినచోట కిందికి ఉంటుంది."

"ఇందులో ఎత్తేదీ?"

కోడలు బొత్తాం పట్టుకుని కుడికి జరిపింది. చీమలబారు ఉబ్బింది. ఇంకా జరిపింది. మరీ జరిపేసరికి ఎత్తు కొసలు ఎర్రగా మారాయి. "ఆ ఎరుపు వస్తే గొంతు పగిలి గరగరలాడుతుంది. అందుకని ఎరుపు రాకముందే ఆపి, ఒకసారి విని, డౌన్‌లోడు చేసుకుని లైబ్రరీకి పంపుతాను. మొదట్లో నూట పాతిక దగ్గరే సరిపోయేది."

"ఇప్పుడో?"

"మూడొందలు పెట్టినా..." అని కోడలు తల దించుకుంది.

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "పెంచకుండా వినిపించు," అంది.

కోడలు ఫోను తీసి పొద్దుటి రికార్డింగు పెట్టింది. ముందు ఫ్యాను వినబడింది. దాని వెనక ఎక్కడో, పక్కింట్లో ఎవరో చదువుకుంటున్నట్టు, ఒక ఆడగొంతు. వాక్యం మొదట్లో తెలుస్తోంది, చివరికొచ్చేసరికి సన్నగిల్లి ఫ్యాను కింద పడి పోతోంది.

"సౌండు పెంచు," అంది అత్తగారు.

"ఇదే ఫుల్లు అత్తయ్యా."

అత్తగారు ఫోను లాక్కుని తనే బొత్తాం నొక్కి చూసింది. పెరగలేదు. ఇంకోసారి నొక్కింది. తర్వాత ఫోనును ఒళ్లో పెట్టుకుని రికార్డింగు అయిపోయేదాకా కదలకుండా వింది. మనిషికి తన గొంతు తనకు లోపలినుంచి వినబడుతుంది కదా. లోపల అంతా బాగానే మోగుతుంది. ఆవిడ బయటినుంచి విన్నవన్నీ కోడలు పెంచి పెట్టినవే. విన్నాక ఆవిడ మొహంలో కనబడింది కోపం కాదు, భయం. ఆ మొహంలో కోడలు భయం చూడటం అదే మొదలు.

కాని భయపడ్డవాళ్లు భయపడ్డామని ఒప్పుకుంటారా?

"నీకు కావలసిందే కదా తగ్గింది," అంది అత్తగారు. "కొత్తలో చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేదానివి. జుట్టు కింద దాచేదానివి. నాకు తెలీదనుకున్నావా?"

కోడలికి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "దూది పెట్టుకున్నమాట నిజమే. కాదనను. ఇప్పుడు వారం వారం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మీ ప్రతి మాటా ఎక్కడ పోతోందో అని వెతుక్కుంటున్నది కూడా నేనే కదా అత్తయ్యా. అది కూడా చెప్పండి."

అత్తగారు ఒళ్లోని ఫోనును బోర్లా తిప్పి పెట్టింది.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దామని అన్నాను. గుర్తుందా? మీరేం చేశారు? నేను పెంచి పెట్టిన రికార్డింగే నా చెవిలో పెట్టి, విను, నా గొంతుకేం వచ్చింది, నీ చెవులకే చూపించుకో అన్నారు. ఏం చెప్పను నేను? అది నేను పెంచిందని చెప్తే మీ మనసు విరిగిపోతుంది. చెప్పకపోతే మీరు డాక్టరు మొహం చూడరు. నేను తీసిన గోతిలో నేనే పడ్డాను. అప్పట్నుంచి మరీ పెంచాల్సి వచ్చింది, మరీ భయమేసింది. రాత్రిళ్లు నిద్ర పట్టడంలేదు."

"చెప్పాల్సింది," అంది అత్తగారు మెల్లగా. "నాకు కోపమొస్తే వచ్చేది. నా కోపానికి నువ్వెప్పుడు భయపడ్డావు గనక."

"ఎప్పుడు భయపడలేదు?" అంది కోడలు ఏడుపులోనే. ఇద్దరికీ నవ్వొచ్చింది. వచ్చినంత వేగంగానే పోయింది.

అత్తగారు మళ్లీ తెర మీది చీమలబారు వైపు చూసింది. "ఒకరోజు బస్టాండులో కరెంటు పోయింది. మైకు మూగదైపోయింది. జనం ఒకటే గోల, ఎవరి బస్సెక్కడుందో ఎవరికీ తెలీదు. బల్లెక్కి నిలబడి, వట్టి గొంతుతో ఒక్కొక్క బస్సునే పిలిచాను. చివరి ప్లాట్‌ఫారం దాకా వినబడిందే. డ్రైవర్లు హారన్లు కొట్టి మెచ్చుకున్నారు. అదే గొంతా ఇది?" అని అడిగింది. జవాబు కోసం అడిగింది కాదు. కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఈ ఇంట్లో కోడలు అత్తగారి భుజం మీద చెయ్యి వెయ్యడం ఆనవాయితీ కాదు, అయినా అత్తగారు తీసెయ్యలేదు.

కాసేపటికి ఆవిడలోని బస్టాండు మనిషి లేచి కూర్చుంది. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం," అంది. "పోయాక ఆయన అడిగే మొదటి మాట ఎప్పట్నుంచి అని. బస్సు లేటైందంటే మేమూ అంతే, ఇప్పుడెక్కడుందని అడగం. ఎక్కడ్నుంచి లేటవడం మొదలైందని అడుగుతాం. అది తెలిస్తేనే మిగతాది తెలుస్తుంది. పాతవి తియ్యి, పెంచనివి. వరసగా వింటే తెలిసిపోతుంది."

కోడలు మొహం పాలిపోయింది. "లేవు అత్తయ్యా."

"లేవంటే?"

"సైటువాడు తన దగ్గరున్నవి ఎప్పటికప్పుడు చెరిపేస్తాడు. ఫోన్లో ఉన్నవి... నేనే చెరిపేశాను. ఎప్పుడైనా మీరు పెట్టుకుని వింటారేమోనని."

"అబ్బో, ఏం తెలివే!" అంది అత్తగారు. "దొంగతనం సరే, అడుగుజాడలు కూడా తుడిచి పెట్టావన్నమాట."

పెంచినవి మాత్రం అన్నీ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో గొంతు అన్నింట్లోనూ ఒకే ఎత్తున ఉంటుంది. అందుకోసమేగా కోడలు అన్ని పాట్లు పడింది. వాటిని ఎన్నిసార్లు విన్నా గొంతు ఎప్పుడు తగ్గిందో తెలియదు. కోడలు తన చేత్తో తనే సాక్ష్యమంతా చదును చేసేసింది. అంత పని చేసినందుకు తనను తాను తిట్టుకుంటూ ఉండగా ఆమె చూపు పైకి పోయింది.

"అత్తయ్యా, ఫ్యాను!" అంది. "గొంతు చెప్పకపోయినా ఫ్యాను చెప్తుంది. ఏ అధ్యాయంలో ఫ్యాను పెరగడం మొదలైందో, గొంతు తగ్గడం అక్కడే మొదలైనట్టు."

"మనకు తెలుస్తుందా ఆ తేడా?"

"మనకు తెలీదు. ఆవిడకి తెలుస్తుంది."

ఆపరేటరమ్మకు ఫోను చేశారు. ఈసారి అత్తగారే సంగతంతా దాచకుండా చెప్పింది. అవతల ఆవిడ నొచ్చుకుంది, అడిగి ఉండకూడదేమో అంది. "అడిగి మంచిపని చేశావమ్మా. ఇంకో మంచిపని కూడా చేసిపెట్టు," అంది అత్తగారు. ఆవిడ దగ్గర మైకమ్మ చదివిన పుస్తకాలన్నీ ఉన్నాయట, ఒక్కటీ తీసెయ్యలేదట. వరసగా ఒక్కో అధ్యాయం మొదలు విని చెబుతాను, కాస్త టైమివ్వండి అంది.

కోడలు టీ పెట్టింది. ఇద్దరూ వంటింటి గట్టు దగ్గరే నిలబడి తాగారు. తను ఏ పుస్తకంతో మొదలుపెట్టిందో కోడలికి బాగా గుర్తు, తేనెటీగలు పెంచేవాళ్ల గురించిన పుస్తకం. అంతకుముందు ఈ పంపే పని మొగుడిది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతనికి పని పెరిగిందనీ, ఇకమీదట నువ్వు చూసుకో అనీ తేనెటీగల పుస్తకం మొదటి అధ్యాయంతో కోడలికి అప్పజెప్పాడు. "డాక్టరుకి నా గుర్తు మీదే చెప్పకూడదని గాని, ఆవిడా తేనెటీగల దగ్గర్నుంచి అనే చెప్తుంది చూడండి," అంది కోడలు.

ఫోను మోగింది.

"విన్నానమ్మా," అంది ఆపరేటరమ్మ. "రెండుసార్లు విన్నాను, తప్పు చెప్పకూడదని. ఓడ మీద వంటవాడి కథ ఉంది చూడండి, అందులో సగందాకా ఫ్యాను ఎప్పట్లాగే ఉంది. ఓడ తుపానులో చిక్కుకునే అధ్యాయం నుంచి పెరగడం మొదలైంది."

"ఓడ పుస్తకమా?" అంది కోడలు. "తేనెటీగలది కదా మొదలు?"

"కాదమ్మా. తేనెటీగలు వచ్చేసరికి ఫ్యాను అప్పటికే ఒక మెట్టు పైనుంది. ఓడ పుస్తకం ముందొచ్చింది, తేనెటీగలు తర్వాత. నాకు బాగా తెలుసు."

అత్తగారు థాంక్స్ చెప్పి ఫోను పెట్టింది. ఆవిడకు ఇంకా అర్థం కాలేదు. "నువ్వు ఓడ పుస్తకం నుంచే పెంచావేమోనే. మర్చిపోయుంటావు," అంది.

కోడలు టీ గ్లాసు గట్టు మీద పెట్టింది. ఓడ పుస్తకం ఆమె ముట్టుకోనే లేదు. తేనెటీగల మొదటి అధ్యాయం పంపబోతూ, అత్తయ్య గొంతు వినబడట్లేదండీ అని మొగుడితో అన్న రోజు ఆమెకు కళ్లకు కట్టింది. సౌండు పెంచే సైట్లుంటాయి అని అతను వెనకనుంచి వంగి దాని పేరు టైపు చేశాడు. వెతకలేదు. ఆలోచించలేదు. ఎరుపు రాకుండా ఆపాలని కూడా అతనే చెప్పాడు. తర్వాత ఎన్నిసార్లు డాక్టరు మాట ఎత్తినా, వయసు మీద పడ్డాక ఎవరి గొంతైనా తగ్గుతుందిలే అని లేచి అవతలికి పోయేవాడు. పని పెరిగి ఇచ్చాడనుకుంది ఆ పని. చెయ్యలేక ఇచ్చాడని ఇప్పుడు తెలిసింది.

"నేను కాదు అత్తయ్యా," అంది. "ఓడ పుస్తకం మీ అబ్బాయి పంపారు."

వీధి తలుపు తెరుచుకుంది. అతను టూల్స్ సంచి మూల పెట్టి, చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. వంటింట్లో ఇద్దరూ ఒకేసారి తన వైపు తిరగడం చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఏంటి, అత్తాకోడళ్లు ఒక పార్టీ అయిపోయారు? ఇవాళ నా పని అయిపోయినట్టే," అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

"ఓడ పుస్తకంలో, తుపాను దగ్గర్నుంచి నా గొంతు పెంచావట. ఎందుకు పెంచావురా?" అంది అత్తగారు.

అతను తల్లి వైపు చూడలేదు. పెళ్లాం వైపు చూశాడు.

"నేను చెప్పలేదు," అంది ఆమె. "నాకే తెలీదు. ఫ్యాను చెప్పింది."

అతనికి ఆ మాట అర్థం కాకపోయినా, దాచడానికి ఇంకేం మిగల్లేదన్న సంగతి అర్థమైంది. గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు. చేతిలో గుడ్డను ఉండగా చుట్టాడు, విప్పాడు.

"ఇది పుట్టింటికి వెళ్లిన వారం, నీకు దగ్గు తగ్గట్లేదని డాక్టరు దగ్గరికి వెళ్లాం గుర్తుందా అమ్మా?"

"ఎందుకు గుర్తులేదు. గొంతులో లైటు వేసి చూశాడు. సిరప్పు రాసిచ్చాడు."

"నువ్వు చీటీ తీసుకుని మందుల షాపు దగ్గరికి నడిచావు. ఆయన నన్ను వెనక్కి పిలిచాడు."

కోడలు స్టవ్వు కట్టేసింది. దాని మీద ఏమీ లేదు, ఎప్పుడో టీ దించేసింది; మంట మాత్రం ఇంతసేపూ ఊరికే మండుతోంది.

"ఏమన్నాడ్రా?" అంది అత్తగారు. ఆ గొంతు వినబడాలంటే కోడలు ఒక అడుగు దగ్గరికి వెయ్యాల్సి వచ్చింది.

"ఏదో ఉన్నట్టుంది, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలన్నాడు. వారంలోపు మళ్లీ తీసుకురమ్మన్నాడమ్మా," అన్నాడు కొడుకు.

ఓడ పుస్తకం పూర్తయింది. తేనెటీగలదీ పూర్తయింది. ఇప్పుడు చదువుతున్నది కూడా ముగింపుకొచ్చింది. మరెందుకు తీసుకెళ్లలేదని అడగబోయింది కోడలు. అడిగింది అత్తగారే.